క్లెప్ పరీక్షలు రాస్తే కాలేజీలో నిజంగా ఏడాది కలిసొస్తుందా?

ఫ్రిస్కో పద్మ · శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇప్పుడు పదకొండో క్లాసు. కంప్యూటర్ ఇంజనీరింగ్ చేస్తానంటున్నాడు. మా లిస్టులో ఉన్నవన్నీ టెక్సాస్ గవర్నమెంట్ యూనివర్సిటీలే, వేరే రాష్ట్రానికి పంపే స్తోమత లేదు. మొన్న ఒక పుట్టినరోజు ఫంక్షన్లో ఒకావిడ చెప్పారు. వాళ్ళమ్మాయి హైస్కూల్లో ఉండగానే క్లెప్ పరీక్షలు పది రాసి, ముప్ఫై క్రెడిట్లు, అంటే దాదాపు ఏడాది చదువు, చేతిలో పెట్టుకుని కాలేజీలో చేరిందట. మూడేళ్ళకే డిగ్రీ అయిపోతుందట. ఒక్కో పరీక్షకి వంద డాలర్లు కూడా కాదట. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. ఫీజూ, డార్మూ, తిండీ కలిపితే ఏడాదికి ముప్ఫై వేలకి తక్కువ కాదు కదా.

మా ఆయన మాత్రం "అంత తేలికైతే ఊళ్ళో అందరూ చేసేవాళ్ళే, ఎక్కడో మెలిక ఉండే ఉంటుంది" అంటున్నారు. నేనైతే సమ్మర్లో రాయించడానికి లిస్టు కూడా వేసేశాను. యూఎస్ హిస్టరీ ఒకటి, రెండు, అమెరికన్ గవర్నమెంట్, సైకాలజీ, సోషియాలజీ. మొత్తం అయిదు. రాసినవాళ్ళు, పిల్లల చేత రాయించినవాళ్ళు ఆ మెలికేంటో చెప్పండి ప్లీజ్. వీడికి ఏపీలు కూడా రెండున్నాయి. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదండోయ్, హైస్కూల్లోనే చదివి పరీక్ష రాసే కాలేజీ స్థాయి కోర్సులు. మా మామగారు ఫోన్లో విని "వాణ్ణి మళ్ళీ ఏపీకి ఎందుకు పంపిస్తున్నారు" అని కంగారుపడిపోయారు.

టాంపా శిరీష · శుక్రవారం, రాత్రి 11:05

పద్మ గారూ, మా పిల్లలిద్దరూ రాశారు. కొత్తగా చదివేవాళ్ళుంటారు కాబట్టి మొదటినుంచీ చెప్తాను, విసుక్కోకండి.

క్లెప్ పెట్టేది కాలేజ్ బోర్డే, అదే శాట్, ఏపీ పెట్టేవాళ్ళు. 1967 నుంచీ ఉంది. కాలేజీ క్లాసులో కూర్చోకుండా, ఆ సబ్జెక్టు నాకు వచ్చు అని పరీక్ష రాసి చూపించడం, అంతే. మొత్తం 34 సబ్జెక్టులు. చాలావాటికి టైము 90 నిమిషాలు, కంప్యూటర్ మీద, ఎక్కువగా మల్టిపుల్ ఛాయిసే. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు, కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దని పిల్లలకి చెప్పండి. స్కోరు 20 నుంచి 80 వరకూ ఉంటుంది. 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. సిఫారసే సుమండీ, ఆర్డర్ కాదు. ఇస్తారా ఇవ్వరా, ఎంత స్కోరుకి ఇస్తారు, దేని బదులు ఇస్తారు అనేది ఆ కాలేజీ ఇష్టం. మీవారన్న మెలిక అదే.

ఏపీతో పోలిస్తే ఇందులో సుఖం ఏమిటంటే, ఏపీ ఏడాదికోసారి మే నెలలోనే. ఆ రోజు జ్వరం వచ్చిందా, కష్టాలే. క్లెప్ మనకి వీలైన రోజు సెంటర్లో సీటు దొరికితే రాసేయొచ్చు. ఎస్సే ఉన్న కాలేజ్ కంపోజిషన్ లాంటివి తప్పిస్తే స్కోరు అప్పటికప్పుడే స్క్రీన్ మీద కనిపిస్తుంది. పరీక్ష పోతే మూడు నెలలాగి మళ్ళీ రాయొచ్చు.

మాది ఫ్లోరిడా కాబట్టి కొంచెం అదృష్టవంతులం. ఇక్కడ గవర్నమెంట్ కాలేజీలు ఏ పరీక్షకి ఏ కోర్సు ఇవ్వాలో రాష్ట్రమే ఒక లిస్టు పెట్టింది. ఏపీ, ఐబీ, క్లెప్ లాంటివన్నీ కలిపి 45 క్రెడిట్ల వరకూ. మా పెద్దవాడు ఆ దారిలోనే మూడేళ్ళలో బయటపడ్డాడు. వాడిది బిజినెస్ అనుకోండి, ఇంజనీరింగ్ కాదు.

టాంపా శిరీష · శుక్రవారం, రాత్రి 11:11

చెప్పడం మర్చిపోయాను. ఫీజు కట్టేయకండి అప్పుడే. మోడర్న్ స్టేట్స్ అని ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. వాళ్ళ వెబ్‌సైట్లో కోర్సు ఉచితం. వీడియోలు చూసి, క్విజ్‌లు పూర్తిచేస్తే పరీక్ష ఫీజుకి వోచర్ ఇస్తారు. సెంటర్ వాళ్ళు విడిగా తీసుకునే ఫీజు మేము కట్టి, రసీదు పెడితే అదీ వెనక్కి వచ్చింది. మా రెండోవాడు నాలుగు పరీక్షలు రాస్తే మా జేబులోంచి పోయింది పెట్రోలు డబ్బులే.

లాంగ్‌హార్న్ లడ్డూ · శనివారం, ఉదయం 1:30

పద్మ ఆంటీ, నేను యూటీ ఆస్టిన్లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. రేపు ల్యాబ్ రిపోర్ట్ ఇవ్వాలి, అది మానేసి ఇది రాస్తున్నాను.

మీ లిస్టులో హిస్టరీ రెండూ ఉంచండి. టెక్సాస్ చట్టం ప్రకారం ఇక్కడి గవర్నమెంట్ యూనివర్సిటీలో డిగ్రీ తీసుకునే ఎవరైనా ఆరు క్రెడిట్ల అమెరికన్ హిస్టరీ, ఆరు క్రెడిట్ల గవర్నమెంట్ చదవాల్సిందే. ఇంజనీరింగ్ అయినా, సంగీతం అయినా. కాబట్టి హిస్టరీ వృథా పోదు. కానీ పరీక్ష చిన్నదేం కాదు. 90 నిమిషాల్లో సుమారు 120 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 45 సెకన్లు. నేను రాసినప్పుడు మొదటి ఇరవై ప్రశ్నల్లోనే ఒకదాని దగ్గర, ప్యూరిటన్ల గురించి, రెండు జవాబులూ ఒకలాగే కనిపించి మూడు నిమిషాలు తినేశాను. చివరి పదీ చూసుకునే టైము లేక వరసగా "సి" నొక్కుకుంటూ పోయాను. 58 వచ్చింది. బతికిపోయాను.

గవర్నమెంట్ దగ్గర జాగ్రత్త. చట్టం అమెరికా రాజ్యాంగంతో పాటు టెక్సాస్ రాజ్యాంగం కూడా చదవాలంటుంది. క్లెప్‌లో టెక్సాస్ ఊసే ఉండదు. అందుకని మా యూనివర్సిటీలో ఆ క్రెడిట్ కావాలంటే టెక్సాస్ గవర్నమెంట్ మీద యూనివర్సిటీ పెట్టే పరీక్ష విడిగా రాయాలి. అది తెలియక నా రూమ్మేట్ "గవర్నమెంట్ అయిపోయింది" అని ఏడాది పాటు ధీమాగా తిరిగాడు.

ఇంకోటి, స్కోరు పంపితే చాలదు. మా దగ్గర ఆ క్రెడిట్ నాకు కావాలి అని మనమే క్లెయిమ్ చేసుకోవాలి. చేసుకునే ముందు అడ్వైజర్‌ని అడగాలి, ఎందుకంటే ఒకసారి తీసుకున్నాక వెనక్కి ఇవ్వడం కుదరదు.

ఇక అసలు ప్రశ్న. ఇంజనీరింగ్‌లో ఏడాది కలిసిరాదు ఆంటీ. మా డిగ్రీ గొలుసులాంటిది. కాల్‌క్యులస్ ఒకటి అయితే రెండు, అది అయితే ఫిజిక్స్, అది అయితే సర్క్యూట్స్, అది అయితే ఆ పైది. ఒక్కోటి ఒక్కో సెమిస్టర్. మీరు సోషియాలజీ, సైకాలజీ ఎన్ని రాయించినా ఆ గొలుసు పొడవు తగ్గదు. తగ్గాలంటే గొలుసులో మొదటి లింకు ఎగిరిపోవాలి, అంటే కాల్‌క్యులస్. మీవాడి ఏపీల్లో అదుంటే దానిమీద పెట్టండి బలమంతా.

ఫ్రిస్కో పద్మ · శనివారం, ఉదయం 7:48

లడ్డూ బాబూ, నీ రిపోర్ట్ సంగతేమో గానీ నాకు మాత్రం కళ్ళు తెరిపించావు. ఏపీ కాల్‌క్యులస్ ఉంది వీడికి. రెండోది ఏపీ ఫిజిక్స్. మరి హిస్టరీలు రాస్తే లాభం ఏంటి, ఏడాది తగ్గనప్పుడు?

లాంగ్‌హార్న్ లడ్డూ · శనివారం, మధ్యాహ్నం 12:20

లోడ్ తగ్గుతుంది ఆంటీ. అయిదు సబ్జెక్టులు లాగాల్సిన సెమిస్టర్లో నాలుగే ఉంటాయి. నేను ఆ టైములోనే ఒక ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్‌లో పని చేస్తున్నాను. కానీ దీనికీ ఒక చిక్కుంది. తేలిక సబ్జెక్టులన్నీ ముందే ఊడ్చేస్తే ప్రతి సెమిస్టర్లో మిగిలేవి కొరకరాని కొయ్యలే. సర్క్యూట్స్, సిగ్నల్స్, డేటా స్ట్రక్చర్స్ మూడూ ఒకేసారి పడి ఊపిరాడలేదు నాకు. పైగా స్కాలర్‌షిప్ ఉంటే ఫుల్‌టైమ్ ఉండాలి, కనీసం 12 క్రెడిట్లు. దానికి సరిపోక ఎవరికీ అక్కర్లేని ఒక కోర్సు డబ్బు కట్టి తీసుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. ఒకటో రెండో తేలికవి అట్టిపెట్టుకోవడం మేలు.

చార్లెట్ కిరణ్ · శనివారం, మధ్యాహ్నం 2:02

మా కథ చెప్తాను, వేరేవాళ్ళకి అలా జరక్కూడదని. కాలేజీ పేరు రాయను.

మా అమ్మాయి పన్నెండో క్లాసులో క్లెప్‌లు ఆరు రాసింది. అన్నీ పాసే, అన్నిట్లోకీ తక్కువ వచ్చిన స్కోరే 54. అప్పటికి మేము మా రాష్ట్రంలో చేర్పిద్దామని అనుకుంటున్నాం. చివర్లో వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేట్ కాలేజీ మంచి స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఎగిరి గంతేసి చేర్పించాం. ఓరియెంటేషన్ రోజు నాకు ఇప్పటికీ గుర్తే. పెద్ద హాలు, గుండ్రటి టేబుళ్ళు, అమ్మాయి చేతిలో ప్రింట్ తీసిన స్కోరు కాగితాలు. అడ్వైజర్ వాటిని చూసి నవ్వుతూ "వెరీ నైస్" అని, స్క్రీన్ మనవైపు తిప్పింది. ఆరు పరీక్షల్లో రెంటికి అసలు క్రెడిట్ లేదు. నాలుగింటికి ఇచ్చారు గానీ, అన్నీ "జనరల్ ఎలెక్టివ్" కింద, అంటే ఏ తప్పనిసరి కోర్సుకీ బదులు కాని ఐచ్ఛిక సబ్జెక్టు లెక్కన. అమ్మాయి చేరింది నర్సింగ్. నర్సింగ్ డిగ్రీలో ఎలెక్టివ్‌లకి చోటు మూడు క్రెడిట్లకే. అంటే ఆరు పరీక్షల్లో పనికొచ్చింది ఒక్కటి.

ట్రాన్స్‌క్రిప్ట్ మీద, అంటే కాలేజీ ఇచ్చే మార్కుల జాబితా మీద, పన్నెండు క్రెడిట్లు కనిపిస్తాయి, డిగ్రీలో వాటిలో తొమ్మిది ఎక్కడా అతకవు. తప్పు కాలేజీది కాదు. వాళ్ళ వెబ్‌సైట్లో టేబుల్ ఉంది, మేమే చూడలేదు. "2,900 కాలేజీల్లో చెల్లుతుంది" అని చదివి, మనదీ అందులో ఉందిగా అనుకున్నాం. చెల్లడం వేరు, దేనికి చెల్లుతుందన్నది వేరు.

పాత చింతకాయ · శనివారం, సాయంత్రం 6:15

నేను విజయవాడలో 31 ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ప్రస్తుతం ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పొద్దుపోక ఇవన్నీ చదువుతుంటాను. ఒక ముసలి మాట అంటాను, కోప్పడకండి.

కాలేజీకి వెళ్ళేది చదువుకోవడానికా, చదువు తప్పించుకోవడానికా? మా మనవడు మాక్రో ఎకనామిక్స్ క్లెప్ పదకొండు రోజుల్లో చదివి పాసయ్యాడు. సంతోషమే. "ద్రవ్యోల్బణం పెరిగితే అప్పు ఇచ్చినవాడు నష్టపోతాడా, తీసుకున్నవాడా" అని అడిగాను. ఠక్కున సరైన ఆప్షన్ చెప్పాడు. ఎందుకురా అంటే నీళ్ళు నమిలాడు. క్లాసులో ఉంటే ఎవరో ఒకరు ఆ "ఎందుకు" అడిగేవారు, వీడు తడబడేవాడు, ఆ తడబాటులోనే వచ్చేది. మన ఊళ్ళో గైడ్లు బట్టీ పట్టి పాసైనవాళ్ళని ముప్ఫై ఏళ్ళు చూసి విసిగి ఇక్కడికొస్తే, ఇక్కడా అదే కనిపిస్తోంది నాకు.

టాంపా శిరీష · శనివారం, రాత్రి 8:40

మాస్టారూ, మీరన్నది కొట్టిపారేయలేను. కానీ ఇక్కడ మొదటి సంవత్సరం క్లాసుల్లో మూడు వందల మంది కూర్చుంటారు. ఆ "ఎందుకు" అడిగేవాళ్ళు అక్కడా లేరండీ. మా వాడు సైకాలజీ క్లాసుకి వెళ్ళి వెనక వరసలో ఫోన్ చూసుకున్నదానికంటే, ఇంట్లో కూర్చుని చదివి రాసిందే నయం అనిపించింది నాకు.

అట్లాంటా అమ్మ · శనివారం, రాత్రి 9:26

మాస్టారికి నమస్కారం. అందరికీ ఒకే తొందర ఉండదండీ. మాది హెచ్ ఫోర్ గోల, అంటే ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్ళ భార్యాపిల్లలకి ఇచ్చే వీసా. అమ్మాయి రెండేళ్ళప్పుడు వచ్చాం, గ్రీన్‌కార్డ్ క్యూలో ఇంకా నిలబడే ఉన్నాం. తనకి 21 నిండే రోజుకి హెచ్ ఫోర్ పోతుంది. కాలేజీ మూడో ఏడాదిలో పడుతుందా రోజు. ఎఫ్ వన్‌కి, అంటే స్టూడెంట్ వీసాకి, మార్చాలి. అప్పుడు మా కాలేజీ ఫీజు ఏ లెక్కన వేస్తుందో, ఉన్న స్కాలర్‌షిప్ ఉంచుతుందో లేదో తలుచుకుంటేనే టెన్షన్. అందుకే ఆ పుట్టినరోజు లోపల ఎన్ని క్రెడిట్లు అయితే అన్ని అవగొట్టాలని చూస్తున్నాం. చదువు మీద గౌరవం లేక కాదు.

ఇంకొకటి తెలుసుకున్నాం. ఎఫ్ వన్‌లో ఉన్న పిల్లలు క్లెప్ రాయకూడదని ఏం లేదు. కానీ సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు క్లాసులో ఉండి చదవాల్సిన లెక్కలో క్లెప్ క్రెడిట్ రాదు. ఇది చాలామంది కలగలిపేస్తున్నారు.

పాత చింతకాయ · శనివారం, రాత్రి 9:58

తల్లీ, నీ మాట విన్నాక నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. మా అబ్బాయి కూడా ఆ క్యూలోనే ఉన్నాడు, నాకు తట్టలేదు.

కాకినాడ కాజా · ఆదివారం, ఉదయం 12:15

ఇక్కడ మాకూ ఇలాంటిదే ఉంది అని చెప్పడానికి వచ్చాను. నేను కాకినాడలో బీటెక్ నాలుగో సంవత్సరం. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అని ప్రభుత్వం నడిపే ఆన్‌లైన్ కోర్సులు చేస్తే క్రెడిట్లు కాలేజీ తీసుకుంటుంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకూ స్వయంలో చేయొచ్చని 2021 యూజీసీ రూల్. కానీ మీ క్లెప్‌లా పరీక్ష ఒక్కటి రాస్తే సరిపోదు. 12 వారాల పాటు వారం వారం అసైన్‌మెంట్లు, వాటికి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకి 75. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లలో విడిగా, పరీక్షలో విడిగా కనీస మార్కులు రావాలి. మాస్టారు గారికి ఇది నచ్చుతుందేమో. అసైన్‌మెంట్ జవాబులు యూట్యూబ్‌లో దొరుకుతాయన్నది వేరే సంగతి.

సర్టిఫైడ్ సుధ · ఆదివారం, ఉదయం 10:30

పిల్లల సంగతి మధ్యలో నా సంగతి అడగొచ్చా? నేను గుంటూరులో బీకామ్, తర్వాత ఎంకామ్. పెళ్ళయి న్యూజెర్సీ వచ్చాను. సీపీఏ, అంటే మన సీఏ లాంటి ఇక్కడి అకౌంటెంట్ లైసెన్సు, చేద్దామని సర్టిఫికెట్లు ఎవాల్యుయేషన్‌కి పంపితే దానికి కావాల్సిన 150 క్రెడిట్లకి తొమ్మిది తక్కువ వచ్చాయి. మూడు క్లెప్‌లు రాస్తే సరిపోతాయి కదా? బిజినెస్ లా, మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ నాకు వచ్చినవే.

డెబిట్ క్రెడిట్ · ఆదివారం, ఉదయం 11:44

సుధ గారూ, ఆగండి. నేను ఆ దారిలో నడిచినవాణ్ణే. మూడు విషయాలు.

క్లెప్ స్కోరు కాగితం తీసుకెళ్ళి అకౌంటెన్సీ బోర్డుకి ఇస్తే చాలాచోట్ల కుదరదు. ఏదైనా గుర్తింపు ఉన్న (అక్రెడిటెడ్) కాలేజీ ఆ స్కోరు తీసుకుని తన ట్రాన్స్‌క్రిప్ట్ మీద క్రెడిట్‌గా వేయాలి. ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌నే బోర్డు చూస్తుంది. దీనికి ట్రెంటన్‌లో ఉన్న థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీని కనుక్కోండి, మీ రాష్ట్రమే. న్యూయార్క్‌లో ఎక్సెల్సియర్, కనెక్టికట్‌లో చార్టర్ ఓక్ కూడా ఇలాంటివే. ఉద్యోగాల్లో ఉండి మళ్ళీ చదువుకునే పెద్దవాళ్ళ కోసం పెట్టినవి. పరీక్షల క్రెడిట్లు ఉదారంగా తీసుకుంటాయి.

రెండోది, తక్కువైన తొమ్మిదీ ఏ రకం? 150 మొత్తానికి తక్కువైతే క్లెప్ పనికొచ్చే అవకాశం ఉంది. అకౌంటింగ్ సబ్జెక్టు గంటల్లోనే తక్కువైతే కష్టం. క్లెప్‌లో ఉన్న ఫైనాన్షియల్ అకౌంటింగ్ మొదటి మెట్టు కోర్సు. ఆడిట్, టాక్స్ లాంటి పై క్లాసులకి క్లెప్ లేదు.

మూడోది, గుంటూరులో మీరు చదివిన సబ్జెక్టే మళ్ళీ క్లెప్‌లో రాస్తే డూప్లికేట్ అని కొట్టేస్తారు. మీకు బిజినెస్ లా వచ్చు అంటున్నారంటే బీకామ్‌లో చదివారనే కదా. అదే ప్రమాదం. చదవనిది రాయండి. నేను సోషియాలజీ రాశాను, జన్మలో ఎప్పుడూ ముట్టుకోని సబ్జెక్టు. బోర్డుకి ముందు ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఒహాయో లాంటి కొన్ని రాష్ట్రాలు 150 బదులు డిగ్రీ, రెండేళ్ళ అనుభవం ఉంటే చాలంటూ రూలు మార్చాయి. అదీ అడగండి.

సర్టిఫైడ్ సుధ · ఆదివారం, ఉదయం 11:59

అమ్మో. బిజినెస్ లా పుస్తకం ఆర్డర్ కూడా పెట్టేశాను. క్యాన్సిల్ చేస్తున్నా.

మనబడి నాన్న · ఆదివారం, సాయంత్రం 4:10

ఎవరూ అడగలేదు గానీ, తెలుగుకి ఏమైనా క్రెడిట్ ఉందా? మావాడు ఎనిమిదేళ్ళ నుంచి ఇక్కడ తెలుగు నేర్పే మనబడికి వెళ్తున్నాడు. క్లెప్‌లో చూస్తే స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ మాత్రమే ఉన్నాయి.

టాంపా శిరీష · ఆదివారం, సాయంత్రం 5:33

క్లెప్‌లో లేదండీ, ఏపీలోనూ లేదు. కానీ ఆక్ట్‌ఫుల్ అని భాషా పరీక్షలు పెట్టే ఒక సంస్థ ఉంది, ఓపీఐ అనే వాళ్ళ మాట్లాడే పరీక్షలో తెలుగు ఉంది. అరగంట ఫోన్లో మాట్లాడించి లెవెల్ ఇస్తారు. అవాంట్ స్టాంప్ అనే ఇంకో పరీక్షలో కూడా తెలుగు ఉంది, అందులో రాయడం, మాట్లాడడం. రెండు భాషలు వచ్చని హైస్కూల్ డిప్లొమా మీద వేసే సీల్ ఆఫ్ బైలిటరసీకి ఆ స్కోరు చాలా రాష్ట్రాల్లో తీసుకుంటారు. కాలేజీలో క్రెడిట్ ఇస్తారా లేదా అన్నది మళ్ళీ కిరణ్ గారి కథే, ముందే కనుక్కోవాలి.

మా అక్క కూతురు ఓపీఐ ఇచ్చింది. "మీ ఊరి గురించి చెప్పు" అంటే బాగానే చెప్పిందట. "నీ స్కూల్లో ఒక రూలు మార్చాలంటే ప్రిన్సిపాల్‌ని ఎలా ఒప్పిస్తావు" అనేసరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడిందట. మనింట్లో పిల్లల తెలుగు అన్నం తిన్నావా, స్నానం చేశావా దగ్గరే ఆగిపోతుంది కదా. కాబట్టి పరీక్షకి ముందు ఒక నెల రోజులు వాడితో వాదన పెట్టుకోండి, తెలుగులో.

పాత చింతకాయ · ఆదివారం, సాయంత్రం 5:50

ఈ పరీక్ష నాకు నచ్చింది.

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 7:00

"క్లెప్ అసలు ప్రశ్నలు వాట్సాప్‌లో పంపుతాం, పాస్ గ్యారంటీ" అని ఇక్కడ పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి అలాంటివాళ్ళకి డబ్బు కట్టకండి. దొరికితే స్కోరు రద్దవుతుంది, డబ్బు ఎలాగూ పోతుంది. ప్రాక్టీస్‌కి కాలేజ్ బోర్డ్ సొంత గైడ్ ఉంది, లైబ్రరీలో పుస్తకాలున్నాయి.

డాక్టరమ్మ · ఆదివారం, రాత్రి 9:17

మెడిసిన్ అనుకునే పిల్లల తల్లిదండ్రులకి ఒక్క మాట. బయాలజీ, కెమిస్ట్రీ క్లెప్ రాయించకండి. చాలా మెడికల్ స్కూళ్ళు ఆ సబ్జెక్టులు కాలేజీలో, ల్యాబ్‌తో సహా, గ్రేడ్‌తో చదివి ఉండాలంటాయి. క్లెప్‌కి గ్రేడ్ ఉండదు, జీపీఏలో కలవదు. తేలిగ్గా "ఏ" గ్రేడ్ వచ్చే కోర్సుని క్లెప్‌లో అవగొట్టేస్తే జీపీఏకి ఆసరా అయ్యే ఒక "ఏ" పోయినట్టే. హిస్టరీ, సోషియాలజీ వంటివి మీ ఇష్టం.

ఫ్రిస్కో పద్మ · తొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం, రాత్రి 9:05

అందరికీ థాంక్స్. ఏం చేశామో చెప్తాను.

మా లిస్టులో ఉన్న మూడు యూనివర్సిటీల క్రెడిట్ టేబుళ్ళు ప్రింట్ తీసి డైనింగ్ టేబుల్ మీద పరిచాం. మా ఆయన హైలైటర్ పట్టుకున్నారు. యూఎస్ హిస్టరీ రెండూ మూడు చోట్లా పచ్చరంగు పడ్డాయి. సైకాలజీ ఒకచోట డిగ్రీలో కూర్చుంటుంది, రెండుచోట్ల కూర్చోదు. సోషియాలజీ కూడా అంతే. ఏపీ కాల్‌క్యులస్‌కి ఏ స్కోరు కావాలన్నది మూడింటిలోనూ ఒకటి కాదు, ఆ గళ్ళ చుట్టూ ఎర్రగా గీత గీశారు. గవర్నమెంట్ గురించి రెండు చోట్లకి మెయిల్ పెట్టాను. ఒకరు జవాబిచ్చారు, టెక్సాస్ భాగం వాళ్ళ దగ్గరే చదవాలన్నారు. రెండోవాళ్ళది ఇంకా రాలేదు.

కాబట్టి అయిదు కాస్తా రెండయ్యాయి. మొన్న శనివారం హిస్టరీ ఒకటి రాశాడు. మోడర్న్ స్టేట్స్ వోచరే. సెంటర్‌లో వాడు లోపల ఉన్నంతసేపూ నేను కార్లో కూర్చుని లలితా సహస్రం చదివాను. బయటికొచ్చి బొటనవేలు పైకెత్తాడు. 61. ఇంటికొచ్చే దారిలో అమ్మా, స్కోరు పంపడానికి కాలేజీ పేరు సెలెక్ట్ చెయ్యలేదే అన్నాడు. ఇంకా ఏ కాలేజీ అన్నది తేలలేదు కదా, తర్వాత ట్రాన్స్‌క్రిప్ట్‌కి ఇరవై డాలర్లు కట్టి పంపుకోవచ్చట. స్కోరు 20 ఏళ్ళు దాచి ఉంచుతారట. సరే పోనీ అనుకున్నాం.

మా ఆయన లెక్క వేశారు. ఏడాది కలిసిరాదు. హిస్టరీ రెండు, ఏపీలు రెండు సరిగ్గా వస్తే ఒక సెమిస్టర్ కంటే కొంచెం తక్కువ. "మెలిక ఉందని చెప్పానా" అని నాలుగు రోజుల నుంచి ఒకటే దెప్పుడు.

చార్లెట్ కిరణ్ · మంగళవారం, రాత్రి 9:31

ఆ టేబుల్ మేమూ అలా పరిచి ఉంటే. కంగ్రాట్స్ బాబుకి.

అట్లాంటా అమ్మ · మంగళవారం, రాత్రి 10:02

పద్మ గారూ, హిస్టరీ ఒకటికి ఏ పుస్తకం చదివాడు? మా అమ్మాయి వచ్చే నెల రాస్తోంది.

ఇర్వింగ్ కొత్తవాడు · మంగళవారం, రాత్రి 10:10

అందరికీ నమస్కారం, ఈ గ్రూపుకి కొత్త. క్లెప్ అంటే ఏంటండీ?

టాంపా శిరీష · మంగళవారం, రాత్రి 10:14

బాబూ, పైకి వెళ్ళి రెండో పోస్టు చదువు. ఇంకోసారి రాసే ఓపిక లేదు.

ఫ్రిస్కో పద్మ · మంగళవారం, రాత్రి 10:40

అట్లాంటా గారూ, మోడర్న్ స్టేట్స్ వీడియోలు, వాటితో పాటు కాలేజ్ బోర్డ్ వాళ్ళ గైడ్, అంతే. సివిల్ వార్ ముందు ముప్ఫై ఏళ్ళ మీద చాలా ప్రశ్నలొచ్చాయన్నాడు, మీ అమ్మాయిని ఆ భాగం బాగా చదువుకోమనండి. మా పుస్తకం పోస్టులో పంపడం కంటే కొత్తది కొనుక్కోవడమే చవక.

ఇర్వింగ్ బాబూ, నీకు కావాలంటే ఆ పుస్తకం తీసుకెళ్ళు. ఈ శనివారం పొద్దున ఫ్రిస్కో హనుమాన్ గుడికి వస్తున్నాం. మూడో చాప్టర్ నిండా మావాడి పెన్సిల్ గీతలు, అట్ట మీద కాఫీ మరక. పర్లేదా?

ఇర్వింగ్ కొత్తవాడు · మంగళవారం, రాత్రి 10:43

పర్లేదండీ. పదిన్నరకి చెప్పుల స్టాండ్ దగ్గర ఉంటాను.